చిటికెన్న జంటతుమ్ములు

ప్రచండమార్తాండకిరణసంతప్తములై తారురోడ్లు కాగిన పెనములవలె పొగలు గ్రక్కుచుండ వీథికుక్కలు సైతము పాతపగలు మఱచి యొక్క నీడనే పంచుకొనుచుండ గ్రీష్మమధ్యాహ్నము చెన్నపట్టణపు కోడంబాకమున నిరంకుశముగా రాజ్యమేలుచుండెను. ఆ వేళ నొక చిత్రనిర్మాణశాలలోని శబ్దగ్రహణమందిరమున పంకాలు చప్పుడు చేయునని యాపివేయబడియుండుటచే గుడిమెట్ల హైమావతి యను నటీమణి స్వేదజలమున మునిగి మైకు ముందు నిలుచుండెను. నాటకములలో మహారాణిపాత్రలకు వాసిగాంచిన యా యువతి ఆనాడు గాడిదకు గళమిచ్చుటకై వచ్చినది.

ఆ గాడిద పేరు చిటికెన్న. పసుమర్తి వేంకటప్పయ్య యను చిత్రకారుడు దానిని సృజించి అసలు సినిమాకు ముందు ఐదు నిమిషములు చూపదగిన బొమ్మల చిత్రముగా మలచుచుండెను. కథలో చిటికెన్న రాజసభ ప్రవేశించి పండితమండలి నివ్వెఱపోవునట్లు సీసపద్యము పాడవలెను. హైమావతి కంఠము సవరించుకొని నిండుగా శ్వాస పూరించెను. అంతలో గోడకు వ్రేలాడు గోనెతెరనుండి రేగిన ధూళి యామె నాసికారంధ్రముల జొచ్చుటయు పద్యమునకు మాఱుగా దిక్కులు పిక్కటిల్లు తుమ్మొకటి వెలువడుటయు నేకకాలమున సంభవించెను.

ఆమె సిగ్గుతో కుంచించుకొనిపోయి, "క్షమించండి అప్పయ్యగారూ, మళ్ళీ పాడతాను" అనెను.

"వద్దమ్మా. పద్యం ఎవరైనా పాడతారు. మా గాడిద గొంతు ఇదీ అని నాకిప్పుడే తెలిసింది" అని యాయన కన్నీరు తుడుచుకొనుచు నవ్వెను. ఆ తుమ్మొక్కదానికే నూటయిరువది బొమ్మలు గీచెను.

రెండేండ్ల శ్రమము ఫలించి చిత్రము బెజవాడ చేరగా సినిమాహాలు యజమాని కోగంటి పున్నయ్య తొలియాటకు గడియ ముందు దానిని చూచి రీలు డబ్బాలో పెట్టించెను. "కొత్త సినిమా మొదలెట్టబోతూ ఊరంతా వినేలా తుమ్మిస్తారా? ఇంక నా హాల్లో ఈగలు కూడా వాలవు" అని తల యడ్డముగా నాడించెను. వేంకటప్పయ్య ముఖము సున్నము గొట్టిన గోడవలె పాలిపోయెను. వెంట వచ్చిన హైమావతి యది గాంచి వినయముతో, "ఒక్క తుమ్మయితే దోషం గానీ పున్నయ్యగారూ, వెంటనే రెండోది తుమ్మితే శుభమే కదండీ" అనెను.

శాస్త్రము నెదిరింపజాలక పున్నయ్య మెత్తబడెను. పక్షము దినములలో రెండవ తుమ్ము చేరెను.

నాటినుండి చిటికెన్న యశోధావళ్యము దశదిశల వ్యాపించెను. అయితే జంటతుమ్ములకు పగలబడి నవ్విన జనులు అసలు సినిమా మొదలగుటతోడనే లేచి యిండ్లకు పోవుచుండుటచే నిర్మాతలందఱు నేకమై కొన్నేండ్లకు గాడిదను హాళ్ళనుండి వెడలగొట్టించిరి.

పిమ్మట గృహగృహమున టెలివిజన్ పెట్టెలు వెలయగా చిటికెన్న వానిలో పునర్జన్మ మెత్తెను. కాని యొక సలహాసంఘము తుమ్ము రోగవ్యాప్తిహేతు వని తీర్మానించి దాని ముక్కునకు చేతిరుమాలు కట్టించి రైతులకు నెరువుల ప్రయోజనమును బోధింపజేసెను. హైమావతి పదమూడు వారములు గార్దభస్వరమున యూరియాను గూర్చి యుపన్యసించెను. ఆమె తోడబుట్టిన యక్కయే యా వేళకు టీవీ కట్టివేసి పప్పునకు పోపు పెట్టుకొనుచుండెను. పదునాలుగవ వారము చిటికెన్న లేదు.

ఏండ్లు గడచెను. వేంకటప్పయ్య కీర్తిశేషుడయ్యెను. హైదరాబాదులో నొక పిల్లల ఛానలువారు చిటికెన్నను కంప్యూటరుతో మరల గీయించి లిఖిత యను యువతిని గొంతుగా నియమించిరి. డెబ్బదియెనిమిదేండ్ల హైమావతిని పిలిపించి శాలువ కప్పి యొక మూల కుర్చీలో కూర్చుండబెట్టిరి.

లిఖిత ముప్పదిమాఱులు తుమ్మెను. ఒక్కరును నవ్వరైరి. ఆ గాడిద నాది యని హైమావతి మనస్సు ఘోషించిన మాట నిజము. ఆ పిల్ల తడబాటును జూచి యొకింత సంతసించిన మాటయు నిజము. కాని ముప్పదియొకటవ తుమ్మునకు లిఖిత కన్నులలో నీరు నిండుట గాంచి యామె శాలువ తీసి కుర్చీపై వైచి లేచెను.

"నవ్వు తుమ్ములో లేదమ్మాయీ. రాబోయి ఆగిపోతుంది చూడు, అక్కడుంది."

"ఆగి ఎంతసేపుండాలి అమ్మమ్మగారూ?"

"అది నీకే తెలియకూడదు. వస్తుందా రాదా అని నువ్వే బెంగపెట్టుకోవాలి."

లిఖిత శ్వాస పీల్చి నిలిపెను. శబ్దగ్రాహకుడు తనకు తెలియకయే కుర్చీనుండి సగము లేచెను. తుమ్ము వెలువడెను, దాని వెంట రెండవదియు వెలువడెను. గదియంతయు ఫక్కున నవ్వెను. అందఱికంటె ముందు నవ్వినది హైమావతియే.

తొలిప్రదర్శనము పిల్లలతో నిండిన యొక హాలున జరిగెను. హైమావతి యెవ్వరికిని చెప్పక వెనుకవరుసలో కూర్చుండెను. తెరపై చిటికెన్న రెండుమాఱులు తుమ్మగా బాలకోలాహలము మిన్నుముట్టెను. ఆమె ప్రక్కనున్న యైదేండ్ల పాప మాత్రము నవ్వలేదు. తుమ్మిన పిల్లలను దీవించు ఇంటిపెద్దవలె గంభీరముగా చేయెత్తి తెరవైపు చాచి, "చిరంజీవ. సహస్రం" అని పలికెను.

హైమావతి ఆ చిన్నచేతి క్రింద తన నెఱసిన తల వంచెను.