మూడు గంటల ఫోను

పోపు వేసే ముందు కిటికీ తెరవడం మా ఇంట్లో నా మొదటి పని. ఇంగువ వాసన కోటుకి పట్టుకుంటే ఆఫీసులో పక్క సీటాయన ముక్కు చిట్లిస్తాడని మా ఆయన జగన్మోహన్ బాధ. అందుకని అమెరికాలోని ప్లెయిన్స్‌బరోలో ఎంత చలిగా ఉన్నా, రెండో అంతస్తులో మా వంటింటి కిటికీ తెరిచే ఉండేది. అది ఎనభై ఆరో సంవత్సరం. పెళ్ళయి నేనక్కడికి వచ్చి రెండేళ్ళు.

రోజూ పదకొండింటికోసారి, మూడింటికోసారి అతను ఆఫీసు నుంచి ఫోన్ చేసేవాడు. "ఏం చేస్తున్నావ్?" అంతే. ఒకరోజు కింది అంతస్తులోని లాండ్రీ రూమ్‌లో ఆలస్యమై ఫోన్ ఎత్తలేదు. సాయంత్రం కోటు కూడా విప్పకుండానే, "ఎక్కడికెళ్ళావ్? నేనెంత వర్రీ అయ్యానో తెలుసా?" అన్నాడు. అప్పట్నుంచి మూడు కావస్తుంటే చేతిలో పని వదిలేసి ఫోన్ పక్కన నిలబడేదాన్ని. "మీ ఆయనకి ఎంత ప్రేమే శశికళా!" అని అందరూ ఆటపట్టిస్తే మురిసిపోయాను కూడా, అబద్ధమెందుకు. డ్రైవింగ్ నేర్చుకుంటానంటే మాత్రం, "నేనున్నాగా, ఎక్కడికంటే అక్కడికి తీసుకెళ్తా" అనేవాడు. నేను తెప్పించుకున్న డ్రైవింగ్ పుస్తకం ఫ్రిజ్ మీద దుమ్ము పట్టి ఉండేది.

శనివారాలు మధ్యాహ్నం మా కాంప్లెక్స్‌లోని తెలుగువాళ్ళంతా మా ఇంట్లో చేరేవారు. ఇండియన్ షాపు నుంచి వీసీఆర్, క్యాసెట్టు అద్దెకి తెచ్చేవాళ్ళం. మగవాళ్ళు సోఫాల్లో, మేము వంటింట్లో. పాట వినిపిస్తే చేతులు తుడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చి, అది అయిపోగానే మళ్ళీ మూకుడు దగ్గరికి. అమెరికా వచ్చాక నేను ఒక్క సినిమా కూడా మొదట్నుంచి చివరిదాకా చూడలేదు.

ఆ శనివారం క్యాసెట్ మీద తెలుగు సినిమా పేరే ఉంది. తీరా వేస్తే, ఎవరో టీవీలో ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో వచ్చిన వేరే సినిమాని దాని మీదే రికార్డు చేసేశారు.

"గిదేంది, టర్కీ పిక్చరంట! ఆడోళ్ళ జైలంట! నడువుండ్రి, పేకాడుకుందాం" అన్నారు కొండల్ రావు గారు. మగవాళ్ళంతా బెడ్‌రూమ్‌లోకి తరలిపోయారు. ఆయన భార్య వసుమతక్క మాత్రం టీవీ కట్టేయబోతున్న నా చెయ్యి పట్టుకుంది.

"బంద్ చెయ్యకు. సోఫా ఖాళీగుంది. కూసోని చూద్దాం."

తెరమీద జైలు పెరట్లో ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు కూర్చుని జడలు వేసుకుంటున్నారు. కాకినాడ హాస్టల్లో ఆదివారాలు మేమూ అంతే, మెట్టుకొకరం కూర్చుని ముందున్నదాని జడ వేసేవాళ్ళం. పై మెట్టు దానికి జడ వేసేవాళ్ళుండరు కాబట్టి ఆ చోటుకి వంతులు. ఆరింటికల్లా వార్డెన్ రాజేశ్వరమ్మ గారు గేటుకి తాళం వేసేవారు. ఆ తాళం వెనక జంతికల డబ్బా చుట్టూ మూగి ఎంత నవ్వేవాళ్ళమో! నిజం చెప్పాలంటే ఆ ఖైదీలని చూసి నాకు జాలి వెయ్యలేదు, కుళ్ళుపుట్టింది. రెండేళ్ళుగా నా తలమీద ఇంకొక ఆడదాని చెయ్యి పడలేదు. కార్పెట్ మీద కూర్చున్న నా జడ విప్పి, సినిమా చూస్తూనే వేళ్ళతో చిక్కులు తీయడం మొదలుపెట్టింది వసుమతక్క. నేను ఏడుస్తున్నానని ఆమెకి తెలుసు.

సినిమాలో పిండి దొంగిలించి జైలుకొచ్చిన ఒకామె శిక్ష పూర్తయి ఇంటికి వెళ్ళింది. ఆ సాయంత్రం వాళ్ళింట్లో అందరూ భోంచేస్తున్నారు. జైల్లో తలలు లెక్కపెట్టే వేళయ్యేసరికి, ఆమె తింటున్న ముద్ద వదిలేసి లేచి గోడకి ఆనుకుని నిలబడింది. ఎవరూ పిలవలేదు. అలవాటు.

నా చూపు ఫోన్ స్టాండ్ వైపు పోయింది. దాని పక్కన కార్పెట్ నా పాదాల మేర అణిగిపోయి ఉంది.

"శశీ, పకోడీలు ఏమయ్యాయి?" బెడ్‌రూమ్‌లోంచి జగన్మోహన్ కేక.

"సినిమా ఇంకా అవలేదండీ" అన్నాను. లేవలేదు.

అందరూ వెళ్ళాక అతను మొహం మాడ్చుకుని, "అందరి ముందూ పరువు తీశావ్" అన్నాడు.

"ఏమండీ, నేను డ్రైవింగ్ నేర్చుకుంటాను."

"మళ్ళీ మొదలా? ఇల్లు, కారు, ఫోను, అన్నీ ఉన్నాయి. నీకేం తక్కువైందసలు?"

ఫ్రిజ్ మీది పుస్తకం తీసి, దుమ్ము తుడిచి, దిండు పక్కన పెట్టుకున్నాను.

సోమవారం వసుమతక్కకి ల్యాబ్‌లో పొద్దుటి షిఫ్టు. నేను అడిగితే, అది ముగించుకుని రెండున్నరకి వచ్చింది; మా కిటికీ కింది పార్కింగ్‌లో ఆవిడ పాత కారు ఆగింది. నన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టింది. కారు అంగుళం కదిలితే నాలుగుసార్లు బ్రేక్ తొక్కాను. ఇద్దరం హాస్టల్ పిల్లల్లా నవ్వుకున్నాం.

సరిగ్గా మూడింటికి పైన ఫోన్ మోగింది. తెరిచిన కిటికీలోంచి స్పష్టంగా వినిపిస్తోంది. నా కాళ్ళు వాటంతటవే కారు డోర్ వైపు తిరిగాయి. వసుమతక్క ఆపలేదు.

"పోయి ఎత్తుతవా?" అని మాత్రం అడిగింది.

ఎనిమిది రింగుల వరకూ లెక్కపెట్టాను. ఆగిపోయింది. వెంటనే మళ్ళీ మొదలైంది.

కాళ్ళు లోపలికి తీసుకుని, "అక్కా, రివర్స్ ఎలా వెయ్యాలో చెప్పు" అన్నాను.