పైమూత మీది పసుపు శ్రీ

నేను ఒక ఇంటి కంప్యూటరును. కంప్యూటరు అన్నానే గానీ, టీవీకి తగిలిస్తే తప్ప నాకు ముఖమే లేదు. ఏదో ఫ్యాక్టరీలో ఆడవాళ్లు బల్లల ముందు వరుసగా కూర్చుని నా ముక్కలన్నీ అతికారు. పదహారు కె మెమరీ అని అట్టపెట్టె మీద గొప్పగా అచ్చేశారు. అప్పట్లో అది నాకూ పెద్ద అంకెలాగే తోచింది.

మొదట కొన్న ఇంజినీరుగారు నాతో కొన్నాళ్లు బంతాట ఆడి, విసుగుపుట్టి, టీవీ బాగుచేయడానికి వచ్చిన సోమసుందరానికి ఇచ్చేశారు. సామర్లకోటలో రేడియోలు బాగుచేసే కొట్టు అతనిది. అలా అతని భార్య హైమ చేతిలో పడ్డాను. తొమ్మిదో తరగతిలోనే బడి మాన్పించి ఆవిడకు పెళ్లి చేశారట. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే వెతుక్కుని నొక్కేది.

వాళ్ల పాప పావనికి చెవులు వినబడవు. "బొమ్మ చూసి వస్తువు చూపించగలిగితే తీసుకురండమ్మా, చేర్చుకుంటాం" అన్నారు కాకినాడలో అలాంటి పిల్లల బడివాళ్లు. పుస్తకంలో బొమ్మలిస్తే పావని చింపేసేది. టీవీ వెలిగితే మాత్రం కదలకుండా కూర్చునేది. అది కనిపెట్టిన హైమ, ముగ్గు చుక్కలు పెట్టినట్టు కాగితం మీద గళ్లు నింపి ఆవు, గ్లాసు, చెప్పు, బంతి బొమ్మలు వేసింది. భర్త దగ్గర నేర్చుకుని వాటిని నాకెక్కించి, ఆపితే నేను మరిచిపోతాను గనక టేపురికార్డరు క్యాసెట్టులో దాచుకునేది. బంతి బొమ్మ చూసి పావని మంచం కిందికి దూరి బంతి తెచ్చిన రోజు, పొయ్యి మీద కూర మాడిపోయింది.

ఇక మిగిలింది అమ్మ బొమ్మ. అది ఎక్కిస్తుంటే నేను, మెమరీ చాలదు, అనేశాను.

హైమ ప్లగ్గు మార్చింది. వేడెక్కానేమోనని విసనకర్రతో విసిరింది. క్యాసెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అదే మాట. యంత్రం అలిగిందనుకుంటారు గానీ మనుషులు, నిండిందనుకోరు.

మధ్యాహ్నం భోజనానికొచ్చిన సోమసుందరం ఆవిడ నాకెక్కించిన వరుసలన్నీ తెర మీదికి రప్పించి నవ్వాడు.

"ఏంటే ఇది? అడుగడుక్కీ శ్రీరామ, శ్రీరామ!"

"కొత్త కాగితం మొదలెడితే రాయమేంటండీ? ప్రతి బొమ్మకీ ముందు రాశాను. చాలదన్నప్పుడల్లా ఇంకోటి వేశాను."

"అదేనే కొంప ముంచింది! అవి చదివి ఇది చేసేదేం లేదు. కానీ ఊరికే మొయ్యాలి కదా. దేవుడైనా సరే, జాగా తింటాడు."

"అపచారం, అలా అనకండి."

"పోనీ, ఆవును తీసెయ్."

"ఆవునా! దాన్ని చూస్తే గానీ పిల్ల ముద్ద మింగదు."

"అయితే శ్రీరామలు తియ్యి."

హైమ పమిటతో ముఖం తుడుచుకుంది. చెమటకు బొట్టు చెరిగిపోయింది. "పిల్ల కోసం చేస్తూ ఆయన పేరు చెరిపితే, ఏమన్నా అయితే?" అంది.

ఆవిడ లేచి వంటింట్లోకెళ్లి పసుపు తడిపి తెచ్చింది. నా పైమూత మీద వేలితో 'శ్రీ' రాసింది.

"ఇక్కడుంటే దీనికి బరువు కాదు కదండీ?"

"కాదులేవే."

అప్పుడు ఒక్కొక్క శ్రీరామనూ చెరిపింది, ప్రతిసారీ పెదవులు కదుపుతూ. ఆ తర్వాత అమ్మ బొమ్మ ఎక్కించింది. ఈసారి నేను ఏమీ అనలేదు.

తెర మీద అమ్మ వచ్చింది. కొప్పు, పమిట, నుదుటన రూపాయంత బొట్టు. పావని దాన్ని చూసింది, తల్లిని చూసింది, లేచి దేవుడి గూటివైపు పరుగెత్తింది. బొమ్మను అమ్మవారనుకుందేమోనని హైమ ముఖం వాడిపోయింది. పిల్ల కుంకుమ భరిణెతో తిరిగొచ్చి, మొత్తం వేలు ముంచి, తల్లి నుదుటన ముక్కుదాకా అద్దింది.

ఎండాకాలం పోగానే వాళ్లు కాకినాడ బస్సెక్కారు.

ఇప్పుడు నేను ఒక కాలేజీలో గాజు బీరువాలో ఉన్నాను. పక్కన పెట్టిన కార్డులో, పైమూత మీద పసుపు మరక, అని రాశారు. పిల్లలు వంగి చూసి, "పదహారు కేనా? ఒక్క ఫొటో కూడా పట్టదురా!" అని నవ్వుతారు.

నిజమే. అమ్మ కూడా మొదట పట్టలేదు.