అడగని సెలవు

“ఈ వారం ఆఫీసు చల్లగా ఉంది అత్తయ్యా,” అంది ఆమె గిన్నెలు తోముతూ. కుళాయి హోరులో అత్తగారికి అది “సెలవుగా ఉంది” అని వినిపించింది. అత్తగారి చెవిన పడిందంటే ఊరి చెవిన పడినట్టే. కోడలు ఇంట్లోనే ఉంటుంది, గురువారం పిల్లలతో రమ్మని కూతురికి ఫోను వెళ్ళిపోయింది.

భర్తకు మాత్రం అసలు సంగతి తెలుసు. ఆఫీసులో పని లేదు, బిల్లులు రావడం లేదు, సర్దిన పెన్నులే మళ్ళీ సర్దుతున్నాను, గోడ మీది బల్లితో చుట్టరికం కలుపుకున్నాను, పిచ్చెక్కుతోంది అని అతనితోనే చెప్పుకుంది. అతను నవ్వాడు. “కూర్చోబెట్టి జీతమిస్తుంటే విసుగేమిటే?” అన్నాడు. విసుక్కోవడానికి కూడా అర్హత కావాలి కాబోలు అనుకుందామె. నిజానికి ఆ విసుగులోనే ఆమెకొకటి తెలిసొచ్చింది. ఆఫీసులో పని లేకపోతే పని లేనట్టే. ఇంట్లో పని లేకపోవడమనేదే లేదు. కిటికీ పక్క కుర్చీలో ఆవలిస్తుంటే “ఏమైనా పెట్టు” అనేవాళ్ళు లేరు, “ఎక్కడ పెట్టావ్” అనేవాళ్ళూ లేరు. తిట్టుకుంటూనే ఆ విసుగును ముద్దు చేసుకుంటోంది.

గురువారం అత్తగారు పూజలో ఉండగానే వంట ముగించి ఆఫీసుకు వెళ్ళేసరికి ఆమె కుర్చీలో మేనేజరుగారి కోటు కూర్చుని ఉంది.

“మీరివాళ సెలవు కదమ్మా,” అన్నాడు మేనేజరు. “నిన్న మీవారు ఫోన్ చేశారు. చుట్టాలొస్తున్నారు, ఎలాగూ పని లేదుగా, ఇచ్చేయండి అన్నారు. ఇచ్చేశాను. మనదంతా ఒక కుటుంబం కదా.”

సెలవు సంగతి అమ్మ చెబుతుందని భర్త అనుకున్నాడు. అమ్మేమో కోడలే చెప్పిందిగా అనుకుంది. పొరుగింటి నిచ్చెన అడిగి తెచ్చుకున్నట్టు తనను ఒకరు అడిగారు, ఒకరు ఇచ్చారు. సెలవు కూడా మొగుడే తెచ్చిపెడతాడు, అదృష్టజాతకురాలివి అని పక్క సీటు అక్క నవ్వింది. ఇంట్లో ఉన్నది కుటుంబం, ఇక్కడున్నదీ కుటుంబమే అయితే, ఇక తనదంటూ ఉన్న చోటేది?

ఫోను మోగింది. భర్త.

“ఎక్కడున్నావ్? అందరూ వచ్చేశారు. సెలవని నువ్వే అన్నావట, అమ్మ చెబుతోంది.”

ఆమె స్పీకరు నొక్కి ఫోనును బల్ల మీద పెట్టింది. అక్కడ కూడా అందరికీ వినిపించేలా పెట్టమంది. ఇటు మేనేజరూ అక్కా, అటు ఆడపడుచూ అత్తగారూ చెవులు ఒగ్గారు.

“అత్తయ్యా, నేను చల్లగా ఉందన్నాను. మీరు సెలవుగా అని విన్నారు. అది కుళాయి తప్పు, మీది కాదు. మీ అబ్బాయి తప్పు వినలేదు. తెలిసే నా సెలవు అడిగారు, మా సారు తెలిసే ఇచ్చారు. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. వదినా, వచ్చినందుకు సంతోషం. వంటయింది. వడ్డన సంగతి సెలవు అడిగినవాళ్ళు చూసుకుంటారు. నేను సెలవులో లేను.”

మేనేజరు తనంతట తానే కోటు తీసుకున్నాడు. ఆమె కూర్చుంది. చెయ్యడానికి ఏ పనీ లేదు. సాయంత్రం దాకా తన విసుగు తాను విసుక్కుంది.