గోడ కోసం గీసిన బొమ్మలు

బళ్ళో ఏళ్ళ తరబడి డ్రాయింగ్ చెప్పిన మనిషి, నలభై దాటాక మళ్ళీ సంచిలో పుస్తకాలు సర్దుకుని కాలేజీకి బయల్దేరితే చుట్టాలు ఊరుకుంటారా? ఆడపడుచు ఫోన్ చేసినప్పుడల్లా అదే మాట.

“బొమ్మలేయించడానికి రెండేళ్ళ చదువేంటి వదినా? ఇన్నాళ్ళూ నువ్వు చేసిందదేగా!”

“అది నేర్పడం. ఇది వేరు.”

“ఏం వేరు?”

చెప్పబోయి, సగంలో విసుగొచ్చి, స్టవ్ మీద పాలు పొంగిపోతున్నాయని అబద్ధమాడి ఫోన్ పెట్టేసేది.

వేరేమిటో తెలుసుకోవడానికి ఆమెకే మొదటి ఏడాదంతా పట్టింది. ఆర్ట్ థెరపీలో బొమ్మ బాగుందా లేదా అన్న ప్రశ్నే రాదు. నోరు పెగలనివాళ్ళు కొందరు రంగుతో చెబుతారు. వాళ్ళు చెప్పేదాకా పక్కన కూర్చోవాలి, చెబితే వినాలి. కానీ ఆమెది దిద్దడం అలవాటైన చెయ్యి. ఎవరు ఇల్లు వంకరగా గీసినా పెన్సిలు లాక్కోబోయేది. “మళ్ళీ టీచరైపోయారు. చెయ్యి వెనక్కి తీసుకోండి,” అని కాలేజీలో ఆమె పని చూసే గైడ్ మేడం అందరి ముందూ చీవాట్లు పెట్టేది. ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని అణిచిపట్టడం నేర్చుకునేసరికి ఆమెకి తలప్రాణం తోకకొచ్చింది.

రెండో ఏడాది ప్రాక్టికల్స్‌కి ఒక పునరావాస కేంద్రంలో వేశారు. ప్రమాదాల్లో దెబ్బతిన్నవాళ్ళూ, పక్షవాతం వచ్చినవాళ్ళూ కొన్నాళ్ళుండి కాళ్ళూ చేతులూ మళ్ళీ కూడదీసుకునే చోటది. సూపరింటెండెంట్ నవ్వుమొహం మనిషి. మొదటిరోజే ఎదురొచ్చి, “రండి రండి డ్రాయింగ్ మేడం! మా గోడలన్నీ బోసిగా ఉన్నాయి,” అన్నాడు.

“నేను గోడల కోసం రాలేదండీ. పేషెంట్ల కోసం...”

“అదే, అదే. ముందు టీ తాగండి.”

ఆ రోజు నుంచి ఆమె అక్కడ డ్రాయింగ్ మేడమే. ఫిజియోథెరపీ హాలు పక్కన, విరిగిన చక్రాల కుర్చీలు పడేసే గది ఇచ్చారు. తలుపుకి గడియ లేదు. తాళం వేసే బీరువా ఒకటి కావాలని అడిగితే సూపరింటెండెంట్ “తప్పకుండా” అన్నాడు. అడిగిన ప్రతిసారీ అంతే తప్పకుండా అన్నాడు. తడి బొమ్మలు ఆరబెట్టాలంటే హాల్లో బల్లే దిక్కు.

వచ్చేవాళ్ళు నలుగురైదుగురే. వాళ్ళలో పక్షవాతం నుంచి తేరుకుంటున్న ఒక పెద్దావిడ ఉండేది. మాట స్పష్టంగా రాని కోపమంతా కాగితం మీద చూపించేది, క్రేయాన్లు విరిగేలా గీకేసేది. ఇంకొకతను లారీ డ్రైవర్. కుడిచేతికి భుజం దాకా కట్టు. ఎవరితోనూ మాట్లాడడని వార్డులో చెప్పారు. చాలా రోజులు వచ్చి, ఖాళీ కాగితం ముందు కూర్చుని వెళ్ళిపోయాడు. ఆమె కూడా ఏమీ అడగకుండా కూర్చుంది.

ఒకరోజు ఎడమచేత్తో నల్ల క్రేయాన్ తీసుకుని కాగితమంతా రుద్దడం మొదలుపెట్టాడు. నలుపు తారురోడ్డులా నిగనిగలాడేదాకా రుద్దాడు. తర్వాత ఒక అంచున ఎర్రగా చిన్న మచ్చ పెట్టి, దాన్ని వేలితో చూపించి అన్నాడు.

“చెప్పు.”

ఆమె తడబడింది. “ఏం చెప్పమంటారు?”

“అది కాదు మేడం. కాలి చెప్పు.”

అంతే, లేచి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం బస్సులో ఆమె అదే తలుచుకుంటూ కూర్చుంది. చదివినదంతా ఒకెత్తు, ఆ ఒక్క మాటా ఒకెత్తు. క్రేయాన్ అంటుకుపోకుండా ఆ కాగితాన్ని హాల్లో బల్ల మీద పరిచి వచ్చింది.

మళ్ళీ వారం వెళ్ళేసరికి నడవాలో జనం. కేంద్రానికి విరాళాలిచ్చేవాళ్ళు చూడ్డానికి వచ్చారట. గోడ మీద, అద్దం ఫ్రేములో, డ్రైవర్ గీసిన రోడ్డు! కింద ముత్యాల్లాంటి అక్షరాలతో ‘ఆశాకిరణం’ అని పేరు. ఇద్దరు ముగ్గురు దాని ముందు నిలబడి ఫోటోలు దిగుతున్నారు.

“చూశారా మేడం!” సూపరింటెండెంట్ మొహం వెలిగిపోతోంది. “చీకట్లో ఎర్రగా పొద్దు పొడుస్తున్నట్టు! పేరు నేనే పెట్టాను.”

“సార్, అది పొద్దు కాదు. అతను నాకు చెప్పుకున్న మాటది. డాక్టరు చెవిలో చెప్పింది మైకులో చదువుతామా? దయచేసి తీసేయండి.”

“తీసేద్దాం, తీసేద్దాం. ఇంకో టీమ్ వస్తోంది, వాళ్ళొక్కళ్ళు చూసిపోనీండి. టీ తాగారా?”

పోట్లాడేవాడితో అయితే పోట్లాడవచ్చు. నవ్వుతూ టీ ఇచ్చేవాడితో ఏం చెయ్యాలి? ఆమె వెళ్ళిన ప్రతిసారీ అడిగింది. ఆయన ప్రతిసారీ ఒప్పుకున్నాడు. ఫ్రేము మాత్రం మేకు మీద నుంచి కదల్లేదు.

కడుపు మండించింది మాత్రం అది కాదు. గదిలోకొచ్చిన పెద్దావిడ ఈసారి క్రేయాన్లు పక్కకి నెట్టి, స్కేలు కావాలని సైగ చేసింది. ముద్దముద్దగా కూడబలుక్కుని, “నాదీ... పెట్టాలి. కోడలొస్తుంది,” అంది. ఆ రోజు వచ్చినవాళ్ళంతా శుభ్రంగా ఇళ్ళూ, కొండలూ, ఎగిరే పక్షులూ గీశారు. డ్రైవర్ పూలకుండీ గీశాడు, ఒక్కో రెక్కా ఓపిగ్గా. గీసి, ఆమె మొహంలోకి చూడకుండా అడిగాడు.

“గోడకి బావుంటుందా మేడం?”

నెలల తరబడి తవ్విన బావిని ఒక్కపూటలో పూడ్చేసినట్టయింది ఆమెకి. ఇంటికొచ్చి గిన్నెలు దడదడా పడేస్తుంటే భర్త వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు.

“ఇంతకీ బొమ్మలు బాగున్నాయనేగా నీ బాధ?” అన్నాడు.

“అవునండీ, బాగున్నాయనే!” అని అరిచేసి, ఆయన బిత్తరపోయి చూస్తుంటే తనే ఏడ్చేసింది.

గైడ్ మేడం దగ్గర అంతా వెళ్ళగక్కింది. ఆవిడ సావధానంగా విని, “అప్పుడు మీకేమనిపించింది?” అంది.

“నాకేమనిపిస్తే ఏం లెండి మేడం! ఇప్పుడేం చెయ్యాలో చెప్పండి. కోపమొచ్చిందని నాకు తెలీదా?”

“సరే. బొమ్మ తీసేయమని ఎంతమందిని అడిగారు?”

“సూపరింటెండెంట్‌ని, ఆఫీసులో వాళ్ళని, మిమ్మల్ని...”

“గీసినతన్ని?”

అతని తరఫున ఆమె ఊరందరితో తగువు పెట్టుకుంది కానీ, అతన్ని ఒక్క మాట అడగలేదు. పెన్సిలు లాక్కోబోయే పాత టీచరు ఎక్కడికీ పోలేదన్నమాట.

మర్నాడు తన రోజు కాకపోయినా వెళ్ళింది. డ్రైవర్ మంచం మీద కూర్చుని బూటు లేసు ఒంటిచేత్తో కట్టుకోవడానికి తంటాలు పడుతున్నాడు.

“ఆ బొమ్మ అక్కడుండటం మీకిష్టమేనా?” అంది.

అతను తలెత్తలేదు. “ఇప్పుడా అడిగేది?”

“ఆలస్యమైంది. తప్పు నాదే.”

“రోజూ కసరత్తుకి దాని ముందునుంచే పోవాలి మేడం. అందరూ బావుంది బావుంది అంటారు. ఏం బావుంది? నేను నేల చూస్తూ పోతున్నా.” లేసు వదిలేసి అన్నాడు, “తీసేస్తే మీకేమన్నా అవుద్దా?”

“అవచ్చు. అది నేను చూసుకుంటాను. మీరేం చేద్దామంటే అది.”

అతను లేచాడు. నడవాలో ఎవరూ లేరని కాదు. నర్సు ఉంది, ఊడ్చే మనిషి ఉంది. ఎవరూ అడ్డు రాలేదు. అతను ఎడమచేత్తో ఫ్రేము మేకు నుంచి ఎత్తాడు, జారిపోకుండా ఆమె కింద పట్టుకుంది. విరిగిన కుర్చీల గదిలోకి తీసుకెళ్ళి, అద్దం తీసి, కాగితాన్ని బల్ల మీద పెట్టారు. అప్పుడతను మాట్లాడాడు.

“ఒక మనిషి రోడ్డు దాటుతున్నాడు. నేను బ్రేకు తొక్కాను, బండి తిరగబడింది. బయటికి ఎట్టా వచ్చానో తెలీదు. ఒక చెప్పు నా టైరు దగ్గరుంది. రెండోది కనబడలా. మనిషిని చూడకుండా, చెయ్యి వేలాడుతున్నా, చెప్పు కోసం వెతికా మేడం. పోలీసులొచ్చేదాకా అదే వెతికా. పిచ్చోణ్ణా నేను?”

“కాదు,” అంది ఆమె. “ఇంకా చెప్పండి.”

అతను నోరు తెరిచాడు. తలుపూ తెరుచుకుంది. గడియ లేని తలుపు కదా, సూపరింటెండెంట్ తట్టకుండానే వచ్చేశాడు.

“మేడం, నడవాలో ఫ్రేమేది?” ఆ మొహంలో నవ్వు లేకపోవడం ఆమె అదే మొదటిసారి చూడటం. “అది సంస్థ ఆస్తి. ఎవరినడిగి తీశారు?”

“నాది. నేనే తీశా,” అన్నాడు డ్రైవర్. ఆయన అతనివైపు చూడను కూడా చూడలేదు.

ఆ వారాంతానికల్లా కాలేజీకి ఫిర్యాదు వెళ్ళింది: ట్రైనీ రోగుల్ని రెచ్చగొడుతోంది, మాట వినదు, ఇక పంపించవద్దు. అక్కడ చేసిన ప్రాక్టికల్స్ చెల్లవనీ, ఇంకోచోట మొదటినుంచీ చెయ్యాలనీ కాలేజీ వాళ్ళు తేల్చేశారు.

“ప్రాక్టికల్స్ పోతే పోనీండి,” అంది ఆమె గైడ్ మేడంతో. “అతను మాట మధ్యలో ఉన్నాడు. నేనిట్లా మాయమైపోతే ఇంకెవరితోనైనా నోరు విప్పుతాడా?”

ఈసారి గైడ్ మేడం ఏమనిపించిందని అడగలేదు. హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుని తనే ఆ కేంద్రానికి వెళ్ళింది. లోపల ఏం మాట్లాడిందో ఎంత పోట్లాడిందో తెలియదు గానీ, మొహం ఎర్రగా కందిపోయి బయటికొచ్చింది. “ఒక్కసారి కలవనిస్తారు. అంతే. అంతకంటే నావల్ల కాలేదు,” అంది.

ఆ ఒక్కసారీ ఆమె వెళ్ళేసరికి డ్రైవర్ ముందే వచ్చి కూర్చున్నాడు. కాగితాలు ముట్టుకోలేదు. తను ఇక రావడం లేదని చెప్పింది.

“మీ బదులు ఇంకొకళ్ళొస్తారా?”

కనుక్కుంటాను అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. “రారు.”

“మరెందుకు మొదలుపెట్టించారు మేడం?”

ఇలాంటి వీడ్కోలు వేళ ఏం చెప్పాలో క్లాసులో నేర్పారు. మెత్తని మాటలు, చక్కని మాటలు. ఒక్కటీ నోటికి రాలేదు. “మీరన్నది నిజం. మొదలుపెట్టి వదిలేస్తున్నాను,” అంది. “నాకూ ఒళ్ళు మండిపోతోంది.”

అతను మొదటిసారి ఆమె కళ్ళలోకి చూశాడు. ఆమె తప్పించుకోలేదు. “టైముందిగా ఇంకా,” అని గొంతు సవరించుకుని, ఆ రోజు గురించి ఎక్కడ ఆగిందో అక్కడినుంచి అందుకున్నాడు. నర్సు వచ్చి పిలిచేదాకా చెబుతూనే ఉన్నాడు. అప్పటికీ పూర్తవలేదు.

తర్వాత ఆమె ఇంకో ఆసుపత్రిలో ప్రాక్టికల్స్ మళ్ళీ మొదలుపెట్టి పూర్తిచేసింది, పట్టా తెచ్చుకుంది, ఉద్యోగమూ దొరికింది. డ్రైవర్ మిగతాది ఎవరితోనైనా చెప్పుకున్నాడో లేదో మాత్రం తెలియలేదు. విడిపోయాక పేషెంట్లని వెతుక్కుంటూ వెళ్ళి అడగకూడదన్నది ఆ చదువు నేర్పిన నియమం. ఆమె ఆ నియమం తప్పలేదు. ఎందుకు పెట్టారో కూడా తెలుసు. తెలిసినా దాని మీద ఆమెకి ఇప్పటికీ కోపమే.