ఈసడింపు వేడిలో స్ట్రాబెర్రీలు

ప్రతి ఉదయం కాఫీ ముగిసిన తరువాత రైమో తన అత్తగారైన హిల్కాను చెయ్యి పట్టుకుని మెట్లు దింపేవాడు. పొలంలోని ప్లాస్టిక్ గుడారంలోకి తీసుకువెళ్లి, రెండు స్ట్రాబెర్రీ వరుసల నడుమ కుర్చీ వేసి కూర్చోబెట్టేవాడు. మోకాళ్ల మీద ఉన్ని దుప్పటి కప్పబోయేవాడు. ఆమె దాన్ని తోసేసేది. అతడు దాన్ని మడిచి కుర్చీ పక్కన పెట్టి, పని మొదలుపెట్టేవాడు. అప్పుడామె కూడా తన పని మొదలుపెట్టేది.

"ఆకాశం చూడు. అంట్లు కడిగిన నీళ్లయినా ఇంతకన్నా తేటగా ఉంటాయి."

"ఊఁ," అనేవాడు రైమో.

"ఈ గుడారమొకటి. ఆవు కడుపులో కూర్చున్నట్టుంది. ఆవుకైనా అందులోంచి బయటపడే దూడ ఉంటుంది. ఇందులోంచి ఏం బయటపడుతుందయ్యా?"

"ఊఁ."

"ఊఁ అట! నా కూతురు పద్దెనిమిదేళ్లు ఈ మొద్దుతో కాపురం చేసింది. మొద్దయినా నయం, పొయ్యిలో పెడితే చిటపటమంటుంది."

ఈ పాటికి ప్లాస్టిక్ గోడల మీద పట్టిన మంచు కరిగి చుక్కలు జారడం మొదలయ్యేది. వరుసల మీద ఆకులు విప్పారేవి. హిల్కా ఈసడింపు వేడిగా ఉంటుందన్న సంగతి కూసిలహ్తి గ్రామంలో అందరికీ తెలుసు. ఆమె కన్నెపిల్లగా ఉన్ననాటి నుంచీ ఆమె తలగుడ్డ మీద మంచు నిలిచింది లేదు. చర్చిలో ఆమె పక్కన కూర్చున్నవాళ్లు ప్రసంగం సగంలోనే కోటు గుండీలు విప్పేవారు, ప్రసంగం మరీ పేలవంగా ఉంటే కోటే విప్పేవారు. ఆ ఇంట్లో గది వెచ్చబెట్టే ఇటుకల పొయ్యిని ఎవరూ వెలిగించగా చూడలేదు, దాని గూట్లో బూట్లు పెట్టుకునేవారు. జూన్ నెలలో స్ట్రాబెర్రీ పూతకు మంచు గండం వచ్చినప్పుడు తక్కినవాళ్లందరూ పంపులు తిప్పి చేలమీద నీళ్లు చల్లుకునేవారు. పూల మీద ఆ నీరు గడ్డకట్టి, లోపలి పూవును కాపాడుతుంది. హిల్కా మాత్రం చేను గట్టున నిలబడి, పక్క చేలవాళ్ల వ్యవసాయం గురించి నాలుగు మాటలు అని ఇంటికి వెళ్లి పడుకునేది.

ఉద్యానశాఖ సలహాదారు ఆ శరదృతువులో ఒకసారి వచ్చి గుడారమంతా కలయజూశాడు. "కుర్చీ కాస్త వెనక్కి జరపండి, దగ్గరి మొక్కల ఆకుల అంచులు మాడుతున్నాయి," అని చెప్పి వెళ్లాడు. అతడు ఇచ్చిన సలహాల్లో పనికివచ్చింది అదొక్కటే.

కూసిలహ్తిలో స్ట్రాబెర్రీ అంటే జూలై. ఆ నెలంతా ఊరు ఊరంతా వంగి కోస్తుంది, ఆగస్టు వచ్చేసరికి నడుము పట్టుకుని లేస్తుంది. ఆపైన స్ట్రాబెర్రీ మాట ఎత్తేవాడు తాగుబోతైనా అయి ఉండాలి, దక్షిణాది నుంచి వచ్చినవాడైనా అయి ఉండాలి. రైమో తాగేవాడు కాదు. అతడు దక్షిణాన ఉన్న హామే సీమవాడు. హామే వాళ్లకు మాట పెదవి దాటేసరికి పంట చేతికొస్తుందని మా సావో సీమలో వాడుక. మేము మాత్రం అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పడం మర్యాద తక్కువగా భావించే జనం. ఇటువంటి రెండు సీమల మధ్య పెళ్లి కుదిర్చింది హిల్కా కూతురు ఐలా ఒక్కతే, ఎవరినీ అడక్కుండా.

అంతకు ముందటి శరదృతువులో ఐలా చనిపోయింది. చివరి వారంలో ఆమె మరేమీ అడగలేదు, స్ట్రాబెర్రీ అడిగింది. రైమో పట్నం వెళ్లి, ఎక్కడో ఎండ దేశంలో కాసిన వాటిని డబ్బాతో తెచ్చాడు. పైన ఎరుపు, లోపల తెలుపు. ఐలా ఒకటి నోట్లో పెట్టుకుని, అతడి కష్టం పట్ల మర్యాదగా, చాలాసేపు అలాగే ఉంచుకుంది.

"ఇది పండు కాదు, పండు వేషం," అంది హిల్కా. గదిలో కిటికీ అద్దాలు చెమర్చాయి. ఐలా నవ్వింది.

"మన చేలోది ఒక్కటి దొరికితే బాగుండేది," అంది. అక్టోబరు చివర మన చేలో గడ్డకట్టిన మట్టి తప్ప ఏముంటుంది?

నవంబరు మొదట్లో వచ్చే సకల పరిశుద్ధుల పండుగకు ఊళ్లోవాళ్లందరూ సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆ ఏడాది రైమో కొత్త సమాధి మీద కొవ్వొత్తి పెట్టి, వచ్చే ఏడాది ఇదే రోజున మన చేలో పండిన స్ట్రాబెర్రీలు గిన్నెడు తెచ్చి ఇక్కడ పెడతానని మనసులో అనుకున్నాడు. పొరుగు రైతు కెయ్యో ఎంతో గుచ్చి గుచ్చి అడిగితే ఆ సంగతి వసంతంలో బయటికి వచ్చింది. దాని వెనకే ఇంకొకటి కూడా వచ్చింది: ఆ గిన్నె పెట్టేశాక ఇక్కడ తనకు పని ఉండదు కాబట్టి, చర్చి ముందు ఆగే బస్సెక్కి హామేలోని తమ్ముడి రంపపు మిల్లుకు వెళ్లిపోతాడట.

"నవంబరులో స్ట్రాబెర్రీలు!" అన్నాడు కెయ్యో ఊరంతా తిరిగి. "క్రిస్మసుకు పుచ్చకాయలు కూడా చెప్పి ఉంచుకోండి."

ఊరికి ఆ వేసవి అంతా అదే కాలక్షేపం. మావాళ్లకు కొత్త పని చేసేవాణ్ణి చూస్తే ముందు జాలి, తరువాత నవ్వు వస్తాయి. సాయం చేయాలన్న ఆలోచన చివరికి కూడా రాదు. రైమో శరత్తుదాకా పూసే రకం మొక్కలు తెచ్చి, మట్టి వెచ్చబడేందుకు నల్ల ప్లాస్టిక్ పరిచి నాటాడు. అందరి చేలూ పండ్లతో ఎర్రబడిన జూలైలో అతడు మాత్రం తన మొక్కల పూతను గిల్లి పారేశాడు, బలమంతా తరువాతి కాపుకు మిగలాలని. గట్టున నిలబడి చూసినవాళ్లు తలలు తిప్పుకున్నారు. జూలైలో పూత గిల్లేవాణ్ణి చూడడం బట్టలు లేనివాణ్ణి చూడడం కన్నా సిగ్గుచేటు. బట్టలు లేనివాళ్లను మేము ప్రతి శనివారం ఆవిరి స్నానంలో చూస్తూనే ఉంటాం.

ఆగస్టు చివర గుడారం లేచింది. సెప్టెంబరులో కుర్చీ వచ్చింది. హిల్కాను రమ్మని రైమో అడగలేదు. కుర్చీని మాత్రం గుడారంలో తలకిందులుగా పెట్టి వదిలేశాడు. దాన్ని సరిగా పెట్టడానికి వచ్చిన హిల్కా అక్కడే కూర్చుండిపోయింది.

అక్టోబరు మొదట్లో బయట తొలి మంచు పడింది, లోపల తొలి పండు ఎర్రబడింది. కెయ్యో పిలవకుండానే వచ్చి ఒకటి తెంపి తిన్నాడు. నమిలాడు. ఇంకా నమిలాడు.

"ఎరుపు మాత్రం ఉంది. అంతకు మించి దీని మీద నింద వెయ్యలేను," అన్నాడు.

రైమో కూడా ఒకటి తిన్నాడు. పండులో నీళ్లు, నీళ్ల వెనక ఇంకొన్ని నీళ్లు. ఐలా మర్యాదగా నోట్లో ఉంచుకున్న పండే ఇది. కారణం ఇద్దరిలో ఎవరికీ తెలియనిది కాదు. రేయింబవళ్లు ఒకే వేడి తగిలితే పండు తొందరపడి రంగు తెచ్చుకుంటుంది, తీపి తెచ్చుకోదు. తీపికి చల్లని రాత్రులు కావాలి. హిల్కా మధ్యాహ్నం ఇంటికి వెళ్లిపోయినా ఆమె అన్న మాటలు గుడారంలో తెల్లవారేదాకా వెచ్చగా ఉండేవి.

"అయితే ముసలావిడకు నచ్చే మాట ఏదైనా చెప్పు. కాస్త చల్లబడుతుంది," అన్నాడు కెయ్యో.

రైమో అతడి వైపు చూశాడు.

"ఆమెకు నచ్చేది..." అని కెయ్యో మొదలుపెట్టి, గడ్డం గోక్కుని, గుడారం పైకప్పు వైపు చూసి, చివరికి టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఇక మిగిలింది రెండో పూత. గుడారంలోకి తుమ్మెదలు రావు, వచ్చే కాలమూ కాదు. రైమో ఐలా ముఖానికి పౌడరు అద్దుకునే మెత్తటి కుంచె తెచ్చి, ఒక పూవు పుప్పొడి మరొక పూవుకు అద్దడం మొదలుపెట్టాడు.

"భగవంతుడా!" అంది హిల్కా. "మగవాడు పూలకు సింగారం చేస్తున్నాడు! నలుగురూ చూస్తే చర్చిలో మనకు చోటివ్వరు." ఆ రోజు కుర్చీ పక్క మొక్కలు రెండు వాడిపోయాయి.

మధ్యాహ్నం ఆమెను రైమో ఇంటికి చేర్చి, బంగాళాదుంపలు ఉడికించి పెట్టి, తిరిగి వెళ్లేవాడు. ఒకనాడు అల్లుతున్న మేజోడు గుడారంలో మరచిపోయిన సంగతి గుర్తు వచ్చి, హిల్కా తనంతట తానే మెట్లు దిగింది. దారిలో మంచును, దారిని, దారి వేసినవాళ్లను తిట్టుకుంటూ గుడారం దాకా వచ్చి ఆగిపోయింది. లోపల ఎవరో మాట్లాడుతున్నారు. అపరిచితమైన గొంతు. నెమ్మదిగా ఉంది, కానీ ఆగడం లేదు.

"...కెయ్యో ట్రాక్టరు మళ్లీ వాగులో దిగబడింది. వాగుదే తప్పన్నాడు. పాదిరిగారు గంట తాడు మార్పించారు, ఇప్పుడది మోగడానికి సిగ్గుపడుతోంది. మీ అమ్మ ఈ గుడారాన్ని ఇవాళ క్యాబేజీల ఆసుపత్రి అంది. ఐలా, నాకు నవ్వు ఆగలేదు. పెదవి కొరుక్కున్నాను, ఇదిగో, ఇక్కడ తెగింది. నీకు ఇచ్చిన మాట తప్పలేదు. అమ్మ తిట్టినంతసేపూ ఏడవదు, తిట్టనివ్వు, నువ్వు అడ్డు మాట్లాడకు అన్నావుగా. పద్దెనిమిదేళ్లు తిట్టించుకున్నాను. ఈ ఏడాది కాస్త ఎక్కువే తిట్టించుకున్నాను..."

పూవు పూవుకూ వంగుతూ రైమో ఊరి సంగతులన్నీ చెబుతున్నాడు. ఐలా మంచం పక్కన కూర్చుని కూడా ఇలాగే చెప్పి ఉంటాడని హిల్కాకు అప్పుడు తెలిసింది. తలుపు మూసిన గదిలోంచి కూతురి నవ్వు వినబడినప్పుడల్లా, పాపం ఒంటరిగా నవ్వుకుంటోందని ఆమె అనుకునేది.

మేజోడు తీసుకోకుండానే ఆమె వెనుదిరిగింది. వెళ్లేటప్పుడు ఆమె అడుగులు పడినచోట మంచు కరగలేదు.

మరుసటి ఉదయం ఆమె యథాప్రకారం కుర్చీలో కూర్చుంది.

"ఆకాశం చూడు," అంది. "గోనెపట్టా."

"ఊఁ," అన్నాడు రైమో.

"మొద్దు."

మాటలు అవే. వాటి వెనక వేడి లేదు. ప్లాస్టిక్ గోడ మీది మంచు పూలు పూలుగా అలాగే నిలిచి ఉంది. రైమో గోడను చూశాడు, ఆమెను చూశాడు, దుప్పటి తెచ్చి మోకాళ్ల మీద కప్పాడు. ఆమె తోసెయ్యలేదు. అప్పటి నుంచి అతడు మొక్కల మీద తెల్లని పలుచని గుడ్డ పరిచి, వరుసల పక్కన గడ్డి ఎత్తుగా కప్పి, రాత్రుళ్లను ఎలాగో దాటించసాగాడు. చలిలో కాయలు నెమ్మదించాయి. నెమ్మదిగా, ఎంతో అయిష్టంగా, ఎర్రబడసాగాయి. హిల్కా మాత్రం రోజూ వచ్చి, గుర్తున్న తిట్లన్నీ వరసగా అప్పజెప్పి వెళ్లేది, పాత పాఠం వల్లించినట్టు. వాటిలో ఒక్కటైనా అంటుకుంటుందేమోనని ఆమె ఆశ. ఒక్కటీ అంటుకోలేదు. ఇంటి పైకప్పు మీద ఆ ఏడు మంచు నిలిచింది. ఊరంతా చూసింది. చూసి, తన సంగతి కాదన్నట్టు ముఖం పెట్టుకుంది. మా ఊరికి చేతనైన గౌరవం అది.

పండుగ ముందురోజు గాలి ఉత్తరానికి తిరిగింది. మధ్యాహ్నానికే ఆకాశం గాజులా తేటబడి, చెరువు అంచున గడ్డకట్టిన నీరు పగిలే చప్పుడు వినబడసాగింది. పండ్లు ఇంకా ఒక్క పూట పండాలి. రైమో ఉన్న గుడ్డలన్నీ కప్పి, ఐలా దుప్పట్లు కూడా తెచ్చి కప్పి, చేతులు వేలాడేసి నిలబడ్డాడు.

హిల్కా కళ్లు మూసుకుని, తాను అసహ్యించుకున్నవన్నీ ఒక్కొక్కటిగా తలుచుకుంది: పట్నపు స్ట్రాబెర్రీలు, కొత్త పాదిరి, కెయ్యో. చేతులు వెచ్చబడలేదు. ఆమె కళ్లు తెరిచింది.

"నీళ్లు చల్లు."

రైమో అర్థం కానట్టు చూశాడు.

"జూన్‌లో ఈ ఊళ్లో వెధవలందరూ చల్లుకునేవే. నేనెన్నడూ చల్లలేదు, నాకు అవసరం రాలేదు. గుడ్డలు తీసేసి చల్లు. గడ్డకట్టనీ. ఆపకుండా చల్లుతూనే ఉండు, ఆపావంటే పోతాయి."

అతడు పంపు విప్పాడు. ఆ సాయంత్రం నుంచి పొద్దు పొడిచేదాకా నీరు పడుతూనే ఉంది. తెల్లవారేసరికి ప్రతి పండూ ఒక గాజు బుడ్డిలో పెట్టినట్టు ఎర్రగా వెలుగుతోంది. ఎండ తగిలాక గాజు కరిగింది. పండ్లు చెక్కుచెదరలేదు.

సమాధుల తోటలో ఊరంతా కొవ్వొత్తులు వెలిగిస్తుండగా రైమో గిన్నె తెచ్చి ఐలా సమాధి మీద పెట్టాడు. అతడి సంచి చర్చి గేటు దగ్గర, బస్సు పక్కన ఉంది. కెయ్యో గిన్నెలోకి తొంగిచూసి, ఎవరూ వద్దనకముందే ఒకటి నోట్లో వేసుకున్నాడు. అతడి దవడలు ఆగిపోయాయి.

"తినకూడనిదేమీ కాదు," అన్నాడు. సావో సీమలో ఇంతకు మించిన పొగడ్త లేదు. ఆ మాట అన్నందుకు సిగ్గుపడి అతడు పక్కకు తిరిగాడు.

హిల్కా ఒక పండు తీసుకుని చాలాసేపు నమిలింది. మంచు కురవడం మొదలైంది. ఆమె తలగుడ్డ మీద పడింది, భుజాల మీద పడింది, పడి నిలిచింది. కొవ్వొత్తుల వెలుగులో అందరూ చూశారు. బస్సు డ్రైవరు హారన్ కొట్టాడు. రైమో సంచి వైపు రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి చూశాడు. ఆమె పళ్లు టకటకమంటున్నాయి.

"అత్తయ్యా," అన్నాడు, "చలేస్తోందా?"

"నోరుందే నీకు!" అంది హిల్కా. కాసేపు కొవ్వొత్తి వైపు చూసింది. "వేస్తోంది. ఏం చెయ్యాలో తెలియడం లేదు. ఆ పొయ్యి వెలిగించడం నాకు రాదు."

"గూట్లో బూట్లు తియ్యాలి ముందు," అన్నాడు రైమో.

"అదేదో నువ్వే తియ్యి. నిలబడ్డావేం?"

బస్సు ఖాళీగా వెళ్లిపోయింది. సంచి గేటు దగ్గరే ఉంటే కెయ్యో మరునాడు తెచ్చిచ్చాడు, బరువుగా ఉందని దారిపొడవునా సణుగుతూ. పండుగనాటి సాయంత్రమే హిల్కా ఇంటి పొగగొట్టం నుంచి మొదటిసారి పొగ లేచింది. నల్లగా, వంకరగా, ఇంటినిండా కమ్ముకునేటంతగా.

"హామే వాళ్లకు పొయ్యి కూడా చేతకాదు," అన్నారు దారినపోయేవాళ్లు.

లోపలి నుంచి దగ్గుల మధ్య హిల్కా గొంతు వినబడింది. తడి కట్టెలు పేర్చిన మొద్దును, ఆ మొద్దును కన్న సీమను, ఆ సీమ నుంచి మొగుణ్ణి ఏరి తెచ్చుకున్న కూతురిని ఆమె తిడుతూనే ఉంది. అడ్డు మాట చెబుతూ రైమో గొంతు కూడా వినబడింది. కిటికీ అద్దం మీది మంచు కరగడానికి మాత్రం పొయ్యి వేడెక్కేదాకా ఆగవలసి వచ్చింది.