సమాధుల తోటకు దారి

కృప స్కూల్లో పిల్లలకు చదువు చెప్పి, సాయంత్రం నేరుగా ఇంటికి వచ్చేది కాదు. ఆర్మూరు బస్టాండు వెనక జయరాజ్ నడిపే నెట్ సెంటర్లో కూర్చుని తనే ఏదో చదువుకునేది. దాన్ని జీఐఎస్ అంటారని తల్లి ఆశమ్మకు చెప్పింది. ఆకాశం నుంచి తీసిన ఫొటో మీద రోడ్లు, కాలువలు, ఇళ్లు ఒక్కో పొరగా గీసి పటం తయారుచేసే విద్య. పాఠాలు కంప్యూటర్లోనే వస్తాయి. సారు ఎక్కడో బెంగుళూరులో ఉంటాడు, ఆయన ముఖం ఎవరూ చూడలేదు.

ముఖం లేని సారు అనగానే వాడలో అందరి నోళ్లూ లేచాయి. పసుపు చేలలో కలిసి కూలికి పోయే నీలవ్వ ఒకరోజు అడగనే అడిగింది.

"మొగపోరలు కూసునే కాడ నీ బిడ్డకేం పనే ఆశమ్మ?"

"పటం గీస్తుంది. నీ కొడుకు గూడ గాడనే కూసుంటడు గదా, ఏం గీస్తుండో అడిగి రమ్మంటవా?"

నీలవ్వ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

కోర్సు చివర, ఎవరి ఊరిని వాళ్లు కాలినడకన తిరిగి పటం గీయాలన్నారు. జీపీఎస్ ఉన్న ఫోను పట్టుకుని నడిస్తే, నడిచినంత మేరా చుక్కలు పడతాయట. ఆ చుక్కలు కలిపితే గీత. కృప జయరాజ్ ఫోను అడిగి తెచ్చుకుని వాడంతా తిరిగింది. సందులు, చర్చి, బోరింగు అన్నీ ఎక్కించింది. ఒక ఆదివారం చర్చి వెనక నుంచి లక్ష్మీనర్సయ్య పటేలు పసుపు చేనులో దిగి, అడ్డంగా నడిచి, సమాధుల తోట చేరింది.

అక్కడ ఒకప్పుడు బండి పోయేంత దారి ఉండేది. ఏటా నాగలి రెండు సాళ్లు లోపలికి జరుగుతూ జరుగుతూ దారిని మొత్తం మింగేసింది. పోయిన వానాకాలం ఆశమ్మ పెనిమిటి సాయన్న చనిపోయినప్పుడు చేనులోంచి పోనివ్వమని పెద్దలు బతిమాలారు. పంట నిలబడి ఉంది, చుట్టు తిరిగి పొండన్నాడు పటేలు. కాలువ కట్ట మీద బురదలో మోసేవాళ్ల కాళ్లు జారి, శవపెట్టె ఒక పక్కకు ఒరిగి, ఇంచుమించు నీళ్లలో పడబోయింది. ఆశమ్మ అప్పుడు తన రెండు చేతులతో ఆ పెట్టెను ఆపింది. ఆ బరువు ఇంకా ఆమె చేతుల్లోనే ఉంది.

నెట్ సెంటర్లో ఆ గీత చూసినవాళ్లు ఎవరో పటేలు చెవిన వేశారు. మర్నాడే ఆయన వాళ్లింటికి వచ్చాడు. ఆశమ్మ కుర్చీ తెచ్చి వేసింది. పటేళ్లెవరూ ఆ వాడలో కూర్చోరు కనుక ఆయనా కూర్చోలేదు. వాకిట్లోనే నిలబడి, కంప్యూటర్లో ఎక్కింది అంటే హైదరాబాద్ పెద్ద ఆఫీసుకు చేరినట్టేనని, రేపు సర్వేయరు గొలుసుతో వస్తాడని తనే ఊహించుకుని మాట్లాడాడు. గొంతులో ఎన్నడూ లేని మెత్తదనం.

"గా గీతను జర గట్టు మీదికి జరుపు బిడ్డా. గట్టు పొంటి జాగ నేనే ఇస్త. ఒక్క ఊరోళ్లం, మనకెందుకు కోర్టులు, కచేరీలు?"

ఆశమ్మ గుండె ఎగిరింది. గట్టు పక్కనైనా దారి దారే. కూతురు నోరు తెరవకుండా ఉంటే చాలు.

"గవర్నమెంటు చూడలే," అంది కృప. "గిది నా చదువు. మా సారు తప్ప ఎవలు చూడరు. జరపమంటే మాత్రం జరప. దారి యాడుండెనో ఆడనే గీసిన."

పటేలు నవ్వాడు. పిల్లల ఆటకు పరేషాన్ అయ్యానంటూ స్కూటర్ తీశాడు.

ఆ పూట ఆశమ్మ కూతురిని తిట్టింది. చేతికొచ్చింది నేలపాలు చేశావంది. భయపడి ఇచ్చిన జాగను, సంగతి తెలిసిన నాడు మళ్లీ దున్నుకుంటాడు కదా అని కృప అంది. ఆశమ్మ కోపం మాత్రం పోలేదు.

పటం చూసిన సారు జవాబు రాశాడు. ఒక్కసారి నడిస్తే ఫోను చుక్కలు అటూ ఇటూ పడతాయి, ఆ గీతను నమ్మలేం, వేరే వేరే రోజుల్లో మళ్లీ నడవండి, వేరేవాళ్లతో కూడా నడిపించండి అన్నాడు. కృప రేపే పోతానంది.

"రేపు గా చేన్లనే మా కూలి," అంది ఆశమ్మ. "పసుపు తవ్వుతున్నం. నన్ను పదిమందిల నిలబెట్టకు."

"నిన్ను నిలబెడ్తలేనమ్మా. నడుస్తున్న."

మర్నాడు నాగలి వెనక ఆడవాళ్లు కొమ్ములు ఏరి, మట్టి దులిపి కుప్ప పోస్తున్నారు. కుప్పలు ఎప్పుడూ బండి వచ్చే వైపు పోస్తారు, మోసే పని తగ్గుతుందని. కృప మళ్లీ నడుస్తుందని నెట్ సెంటర్ నుంచే కబురు అందిందేమో, ఆ రోజు మాత్రం పటేలు చర్చి వైపు పోయమన్నాడు, వరసగా, సందు లేకుండా. ఎందుకో అందరికీ తెలుసు. ఆశమ్మ కూడా తన గంప అక్కడే బోర్లించింది.

కృప వచ్చింది. చెప్పులు చేత పట్టుకుని, రెండో చేతిలో ఫోనుతో కుప్పల ముందు ఆగింది.

"ఆశవ్వా," అన్నాడు పటేలు గట్టు మీది నుంచి, "నీ బిడ్డకు చెప్పు. రేపు పనికి రావాల్నా వద్దా, నువ్వే చెప్పు."

ఆశమ్మ లేచింది. పసుపు పట్టిన చేతులు కొంగుకు తుడుచుకుంది. కూతురి ముందున్న కుప్ప దగ్గరకు పోయి, గంపకెత్తి, పక్కకు పోసింది. మళ్లీ ఎత్తింది. మూడో గంపకు నీలవ్వ వచ్చి రెండో పక్క పట్టింది. మిగతావాళ్లు పని ఆపి చూస్తున్నారు, ఇటు రాలేదు, అడ్డమూ రాలేదు. మనిషి పట్టేంత సందు అయింది.

"కూలి నీ ఇష్టం పటేలా," అంది ఆశమ్మ. "పిలిస్తే వస్త, పిలవకుంటే ఇంకో చేనుకు పోత. నా మొగణ్ని కట్ట మీద తిప్పిచ్చినవు. నన్ను తిప్పియ్యలేవు."

తర్వాత కూతురి వైపు తిరిగింది. "వేరేటోళ్లు నడవాలన్నడు గదా మీ సారు. ఇటు తే."

ఫోను తీసుకుని ముందు నడిచింది. తవ్విన నేల మెత్తగా ఉండి కాలు దిగబడుతోంది. వెనక పటేలు కేకలేస్తున్నాడు, ఆమె తిరగలేదు. సమాధుల తోటలో సాయన్న దగ్గర ఆగింది.

"ఆగకే అమ్మా," అంది కృప. "ఆగితే చుక్కలన్నీ ఒక్క కాడనే పడ్తయి."

"పడనియ్యి," అంది ఆశమ్మ.