మా ఆవిడ వద్దంది

మా ఆయనకు లైసెన్సు పరీక్ష ఉందని తెలిసిన రోజు నుంచి ఇంట్లో నాకు నోరు లేకుండా పోయింది.

మా ఆయన పేరు ఆరియాక్. వయసు ఇరవై నాలుగు. జుట్టుకు నీలం రంగు వేసుకుంటుంది. నాకు అరవై ఎనిమిది. ఇందులో నవ్వాల్సిందేమీ లేదు. మొదటి ఆరియాక్, అంటే నేను కాపురం చేసిన మనిషి, ఊపిరితిత్తులు చెడి పోయాడు. ఆయన పోయిన మూడో నెలలో మా మరిది కూతురికి ఆడపిల్ల పుడితే ఆయన పేరే పెట్టారు. మా మంచు దేశంలో పేరు వచ్చిందంటే మనిషి తిరిగి వచ్చినట్టే. అప్పటి నుంచి నేను ఆ పిల్లను ఏమండీ అంటాను, ఆ పిల్ల నన్ను ఏమే అంటుంది. మూడేళ్లప్పుడు ముక్కు కారుకుంటూ వచ్చి "ఏమే, ఆకలేస్తోంది" అంటే ముళ్లు తీసి చేప పెట్టాను. ఇప్పటికీ పెడుతూనే ఉన్నాను. మొగుడన్నాక తప్పుతుందా.

పేరుతో పాటు బుద్ధులు కూడా వచ్చాయి. అదే మొండితనం, అదే మూతి ముడుచుకోవడం. అన్నిటికీ మించి, అడిగినదానికి నోరు తెరిచి జవాబు చెప్పకపోవడం. మా ఊళ్లో ఔనంటే కనుబొమలెత్తుతారు, కాదంటే ముక్కు చిట్లిస్తారు. అది అందరికీ ఉన్న అలవాటే. కాని మా ఆయన కాపురమంతా ఆ రెండిటితోనే నెట్టుకొచ్చేశాడు. నేనేమో చిన్నప్పటి నుంచీ ఔనన్నా కాదన్నా నోరారా అనే మనిషిని. ఈ పిల్లకు మొహం పనిచెయ్యదు, అంతా నోరే, అని మా అమ్మ తెగ బాధపడేది.

ముప్పై ఏళ్ల కిందట ఇలాంటి ఏప్రిల్‌లోనే మా ఆయన ఇరుకు మీదుగా వేటకు బయలుదేరాడు. ఇరుకంటే దీవికీ గట్టుకీ నడుమ సముద్రం సన్నబడే చోటు. పైన మంచు చూస్తే రాయిలా ఉంటుంది. కింద పోటు నీళ్లు పరిగెత్తుతూ దాన్ని కొరికేస్తుంటాయి. పౌర్ణమి వెళ్లి రెండు రోజులైంది, పోటు ఉద్ధృతంగా ఉంటుంది, ఆ దారిన వద్దండీ అన్నాను. ముక్కు చిట్లించాడు. రెండోసారి చెప్పడానికి నాకు పౌరుషం అడ్డొచ్చింది. బండి మునిగిపోయింది. ఆయన తడిసిన బూట్లతో రెండు రోజులు నడిచి ఇల్లు చేరాడు. చలికి చచ్చుబడిన ఎడమ కాలి వేళ్లు మూడు తీసేశారు. ఆ తర్వాత ఆరేళ్లు బతికాడు. నువ్వు చెప్పింది నిజమే అని ఒక్కసారన్నా అంటాడేమోనని ఆరేళ్లూ చూశాను. అనలేదు. పోనీ, కనుబొమలైనా ఎత్తలేదు. ఆ కాలికి మేజోడు తొడుగుతూ నేనూ అడగలేదు.

ఇక ఈ ఆరియాక్ సంగతి. రెండేళ్లుగా టూరిస్టులను స్నోమొబైళ్లనే మంచు మోటారు బండ్ల మీద సముద్రంలో గడ్డకట్టుకుపోయిన మంచుకొండ దాకా తీసుకెళ్లి సాయంత్రానికి తీసుకొస్తోంది. అంతకుముందు దుకాణంలో కౌంటరు వెనక నిలబడేది. ఆ మూడేళ్లూ ఆ పిల్ల మొహాన నవ్వన్నది చూడలేదు నేను. ఈ ఏడు దక్షిణాన పట్నం ఆఫీసులో ఎవరికో కొత్త ఆలోచన పుట్టింది. లైసెన్సు లేకుండా ఎవరూ టూరిస్టులను మంచు మీదకు తీసుకెళ్లకూడదట. లైసెన్సు రాకపోతే మళ్లీ కౌంటరే.

పరీక్షకు ముందు పద్నాలుగు పేజీల కాగితం వచ్చింది. అందులో పదకొండో పేజీ ఆరియాక్ నాకు మూడుసార్లు చదివి వినిపించింది. గైడు తన సొంత నిర్ణయం మీద నడవాలి, ప్రయాణికుల మాట మీద కాదు, అని దాని సారాంశం.

"విన్నావా ఏమే? రేపు ఎప్పటిలాగే నా వెంట వస్తావు, టీ కాస్తావు, రొట్టె కోస్తావు. నోరు మాత్రం తెరవవు."

"తెరవకుండా టీ ఎలా తాగనండీ?"

"తాగడానికి తెరువు. మాట్లాడటానికి కాదు. నాకు మాటివ్వు."

"ఇచ్చానండీ, ఇచ్చాను. మీ లైసెన్సు నా నోటివల్ల పోయిందని ఎందుకనిపించుకుంటాను?"

మర్నాడు పొద్దున్నే పరీక్షాధికారి వచ్చాడు. ప్రెస్కాట్ అని పేరు. మంచివాడే పాపం, గడ్డానికి అంటుకున్న మంచును ముద్దుగా తడుముకుంటూ నిలబడ్డాడు. చేతిలో అట్టకు బిగించిన కాగితాలు.

"ఇవాళ నేను టూరిస్టునని అనుకోండి. నాకేమీ తెలియదు" అన్నాడు.

అనుకోవడం దేనికి అని నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"ఈవిడెవరు? మీ నాయనమ్మా?"

"మా ఆవిడ" అంది ఆరియాక్.

ఆయన నన్ను చూశాడు, ఆ పిల్లను చూశాడు, కాగితాలు ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు. దానికి గడి ఉన్నట్టు లేదు. అట్ట మూసి, సంచిలోంచి మొహమంతా మూసే నల్లద్దం హెల్మెట్ తీసి ఆరియాక్ చేతికిచ్చాడు. అది లేకుండా పరీక్షే లేదట. ఆ పిల్ల ఎప్పుడూ తోడేలు బొచ్చు టోపీతో తిరిగే మనిషి. పాపం, తొడుక్కుంది.

"బయలుదేరే ముందు బండ్లన్నీ సరిచూసుకున్నారా?" అని అడిగాడు.

ఆరియాక్ కనుబొమలెత్తింది. హెల్మెట్ లోపల.

ఆయన చూశాడు, చూశాడు. మళ్లీ అడిగాడు. ఆ పిల్ల మళ్లీ ఎత్తింది, ఈసారి ఇంకాస్త గట్టిగా. పక్క నుంచి అద్దం సందులో నాకు కనిపిస్తోంది, కనుబొమలు నీలం జుట్టులోకి వెళ్లిపోయాయి. ఆయన నిట్టూర్చి "జవాబు లేదు" అని రాసుకున్నాడు. అంత జవాబు ఇస్తుంటే లేదంటాడేమిటి ఈయన అని నా ప్రాణం కొట్టుకుంది. కాని మాటిచ్చి కూర్చున్నాను కదా. టీ పెట్టె మీద చేతులు పెట్టుకుని బొమ్మలా కూర్చున్నాను.

ముందు ఆరియాక్ బండి, దాని వెనక తాళ్లతో కట్టిన కముతిక్‌లో, అంటే చక్రాల్లేని చెక్క బండిలో, నేను, నా కెటిల్, రొట్టె, ఎండు చేపలు. మా వెనక తన బండి మీద ప్రెస్కాట్. ఎండ కళ్లు చెదిరేలా ఉంది. మైనస్ ఇరవై ఐదు ఉంటుందేమో, హాయిగా ఉంది. గంట నడిచాక మొదటిసారి ఆగాం. నేను టీ పోస్తుంటే ఆయన ఇటూ అటూ చూసి, చేతి తొడుగు ఒకటి మెల్లిగా మంచులో జారవిడిచాడు. గైడు గమనిస్తుందో లేదో చూడటానికన్నమాట. ఇంత వయసొచ్చిన మనిషి, చూడండి. ఆరియాక్ టీ తాగడానికి హెల్మెట్ తీసే ఉంది. తొడుగును చూసింది, నన్ను చూసింది, కనుబొమలు పైకీ కిందికీ ఆడించింది. నేను తొడుగు తీసి రొట్టె సంచి కింద పెట్టేశాను. మాకది అయిపోయిన పని. ఆయనేమో "తొడుగు పోయిన సంగతి గైడు గమనించలేదు" అని రాసుకున్నాడు. ఆ తర్వాత చెయ్యి కొంకర్లు పోతుంటే చంకలో పెట్టుకుని బండి నడిపాడు. అడిగితే ఇచ్చేదాన్ని. అడగలేదు.

అక్కడి నుంచి దారి ఇరుకు వైపు తిరుగుతుంది. ఆ పట్నం ఆఫీసు వాళ్లు జనవరిలో వెదురు కర్రలకు ఎర్ర జెండాలు కట్టి, ఇదీ ఆమోదించిన దారి అని మంచుకొండ దాకా వరసగా పాతించారు. జనవరిలో అది మంచి దారే. నేను కాదనను. కాని మొన్న పౌర్ణమి వెళ్లింది. జెండాలు ఇరుకులోకి దిగే చోట మంచు తెల్లగా లేదు, తడిగుడ్డ పరిచినట్టు బూడిద రంగుగా ఉంది. ఆరియాక్ నేరుగా జెండాల వెంట పోతోంది. ఆ అద్దంలోంచి రంగులేం తెలుస్తాయి?

నోరు తెరిస్తే పదకొండో పేజీ. తెరవకపోతే ముప్పై ఏళ్ల నాటి ముచ్చటే మళ్లీ. ఒకసారి చెప్పి ఊరుకున్నందుకు మూడు వేళ్లు పోయాయి. ఈసారి ఒక్కసారీ చెప్పకపోతే ఏం పోతుందో. అయినా మాట్లాడనని కదా మాటిచ్చాను, దూకనని ఇవ్వలేదు. గట్టు దిగేచోట బండి నెమ్మదించగానే కముతిక్‌లోంచి దొర్లిపోయాను. కెటిల్ కూడా నాతో పాటే వచ్చింది.

వెనక బరువు తగ్గితే ముందున్నవాళ్లకు తెలుస్తుంది. ఆరియాక్ బండి ఆపి, హెల్మెట్ పీకేసి పరిగెత్తుకొచ్చింది.

"ఏమే, పడ్డావా? దెబ్బ తగిలిందా?"

"పడలేదండీ, దిగాను."

"ఇదేం చోటు దిగడానికి?"

"ఇది దిగాల్సిన చోటేనండీ. ఆ రంగు చూడండి. ఒకసారి చెప్పాను. ఇదిగో రెండోసారి చెబుతున్నాను. ఆ ఇరుకులో అడుగుపెట్టారంటే నేనిక్కడే కూర్చుంటాను. ఈసారి మేజోడు మీరే తొడుక్కోండి."

ఆ పిల్ల నన్ను చూసింది. జెండాలను చూసింది. ముక్కు చిట్లిస్తుందనే అనుకున్నాను. చిట్లించలేదు. కెటిల్ ఎత్తి నా ఒళ్లో పెట్టి, నన్ను లేపి కముతిక్‌లో కూర్చోబెట్టి, బండిని గట్టు మీదికి తిప్పింది.

గట్టు దారంటే గంటన్నర చుట్టు. రాళ్లూ, ఎత్తుపల్లాలూ. ప్రెస్కాట్ ఒంటి చేతితో నానా అవస్థలూ పడి వెనకే వచ్చాడు. పైకెక్కాక ఆరియాక్ ఆగి, ఏమీ అనకుండా కిందికి చెయ్యి చూపించింది. ఇరుకు నడుమ మంచు విడిపోయి నల్లటి నీళ్లు ఆవిరి కక్కుతున్నాయి. ఎర్ర జెండాలు నీళ్ల అంచు దాకా వచ్చి ఆగిపోయాయి. మళ్లీ అవతలి అంచు నుంచి మొదలయ్యాయి. నడుమ నాలుగు జెండాలు లేవు.

ప్రెస్కాట్ మొహంలో నెత్తురు చుక్క లేదు. తర్వాత ఫోటోలు తీసుకున్నాడు. ఆ తర్వాత అట్ట తీసి, మెల్లిగా, ఎంతో మర్యాదగా అడిగాడు.

"ఇది చాలా గొప్ప నిర్ణయమండీ. పరిస్థితిని గమనించి మీరే సొంతంగా తీసుకున్నారు. అలాగే రాసుకోమంటారా?"

అప్పటికి ఆయన కూడా కాస్త నేర్చుకున్నాడు. అట్ట మీద పెన్ను పెట్టి ఆరియాక్ కనుబొమల వంకే చూస్తున్నాడు. హెల్మెట్ లేదు. మొహమంతా ఎండలో కనిపిస్తోంది. కాస్త పైకెత్తితే చాలు, లైసెన్సు చేతికొచ్చినట్టే. ఎత్తండీ, ఎత్తండి మహానుభావా, అని నేను లోపల్లోపలే మొక్కుకున్నాను.

ఆ పిల్ల ముక్కు చిట్లించింది.

ఆయనకు అర్థం కాలేదు. కనుబొమల దగ్గరే ఆగిపోయింది ఆయన చదువు. అప్పుడు ఆరియాక్ నోరు తెరిచింది.

"లేదండీ. నాకు జెండాలే కనిపించాయి. వాటి వెంట పోదామనే అనుకున్నాను. మా ఆవిడ వద్దంది."

"ఆవిడ చెప్పాక మీరు కూడా పరిశీలించి..."

"పరిశీలించలేదు. వద్దంది. మానుకున్నాను."

ఆయన బాధపడ్డాడు, ఆ మాట ఒప్పుకోవాలి. పదకొండో పేజీ తిప్పి ఏదో రాశాడు. నేను ముగ్గురికీ టీ పోశాను. ఆయన గ్లాసుతో పాటు చేతి తొడుగు కూడా ఇచ్చాను. దాన్ని పట్టుకుని నన్నూ ఆరియాక్‌నూ మార్చి మార్చి చూశాడు. రాసింది కొట్టేస్తాడేమోనని కాచుకుని కూర్చున్నాను. కొట్టెయ్యలేదు, తొడుగు తొడుక్కున్నాడు. ఆ తర్వాత మంచుకొండ దాకా వెళ్లాం. దాని ముందు నిలబడి తన ఫోటో తియ్యమన్నాడు. తీశాం.

మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. ఆరియాక్ మా ఇంట్లో నేల మీద కూర్చుని చదివి వినిపించింది. అభ్యర్థి ఆమోదించిన దారిని వదిలేసింది, అదీ ఒక ప్రయాణికురాలి మాట మీద, కనుక ఉత్తీర్ణత లేదు. స్నోమొబైల్ మీద మళ్లీ పరీక్ష ఆగస్టు పన్నెండున. రెండో కాగితంలో గైడులందరికీ సూచన ఉంది. ఇరుకు మీదుగా ప్రయాణం నిషిద్ధం. ఇకపై పరీక్షాధికారి తన తనిఖీలో కనిపెట్టిన సురక్షితమైన గట్టు దారిలోనే అందరూ వెళ్లాలి. దానికి ప్రెస్కాట్ దారి అని పేరు పెట్టారు. పటం కూడా జతచేశారు.

"ఆగస్టులో స్నోమొబైల్ దేని మీద నడుపుతారండీ, గులకరాళ్ల మీదా?" అన్నాను.

ఆరియాక్ కాస్త నవ్వింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. సోమవారం నుంచి దుకాణానికి రమ్మన్నారట. కౌంటరు దగ్గర తొడుక్కునే ఆకుపచ్చ కోటు సంచిలోంచి బయటికి కనిపిస్తోంది. నేను నోరు మూసుకుని ఉంటే ఏమయ్యేదో తెలుసు, తెరిచాను కనుక ఏమయిందో కూడా ఎదురుగానే ఉంది. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. నాకు ముందు వచ్చేది ఎప్పుడూ కోపమే.

"నేనే చూశాను, నేనే ఆలోచించాను అని ఉంటే మీ సొమ్మేం పోయేది? ఆయన నోటి దగ్గర పెట్టి మరీ అడిగాడే. కనుబొమలెత్తడం మీకు చేతకాని పనా? జన్మంతా చేసింది అదేగా."

ఆరియాక్ ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి కెటిల్ కింద దూర్చింది. రెండు కాళ్లూ చాపుకుని మేజోళ్ల వంక చూసుకుంది. పది వేళ్లూ శుభ్రంగా ఉన్న పాదాలు.

"ఆ మాట నా వేళ్లు పోయినప్పుడే అనాల్సింది" అంది.

"ఏ మాట?"

"నువ్వు చెప్పింది నిజమని. రెండుసార్లూ నిజమే. అప్పుడు అనలేకపోయానే."

ఆ మాటకు జవాబులు నా దగ్గర ముప్పై ఏళ్లుగా సిద్ధంగా ఉన్నాయి. ఇప్పటికి తెలిసిందా అని ఒకటి. అంతకంటే ఘాటువి ఇంకో పది. నోరు తెరిచాను. ఒక్కటీ రాలేదు.

కనుబొమలు మాత్రం ఎత్తాను.